ముఖం తరచు జేవురిస్తోందా?

కోపం వస్తే ముఖం కందగడ్డలా అవుతుంది. సిగ్గుపడితే బుగ్గలు ఎర్రబడతాయి. మధ్యాహ్నపు ఎండలో బజారుకు వెళ్ళివస్తే ముఖం కందిపోతుంది. ఇవి అందరికీ వున్నవే. చర్మం కింద వుండే సన్నని రక్తనాళాలు కాసేపు వెడల్పవుతాయి, తిరిగి ముడుచుకుంటాయి. ముఖం మామూలు రంగుకు వస్తుంది. దీనిని ఎవరూ జబ్బు అనరు.

కాని కొందరికి ఆ ఎరుపు అంత తేలికగా దిగదు. మొదట్లో వేడి కాఫీ తాగినప్పుడో, పొయ్యి దగ్గర నిలబడినప్పుడో ముఖం భగ్గుమంటుంది. కొన్నాళ్ళకు అరగంటలో తగ్గవలసిన ఎరుపు రోజంతా నిలుస్తుంది. మరికొన్నాళ్ళకు బుగ్గల మీద, ముక్కు మీద శాశ్వతంగా వుండిపోతుంది. దాని మీద చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. దీనినే వైద్యశాస్త్రంలో ‘రొజేషియా’ అంటారు. లాటిన్ భాషలో ఈ మాటకు గులాబి రంగు గలది అని అర్థం.

పాఠకులలో చాలామంది ఈ పేరు విని వుండరు. ఈ జబ్బు వున్నవారిలోనూ ఎక్కువమంది విని వుండరు. మొటిమలని, ఎలర్జీ అని, ‘వేడి చేసింది’ అని అనుకుంటూ ఏళ్ళు గడిపేస్తారు. అంతటితో ఆగితే కొంత నయం. మందుల షాపుకు వెళ్ళి, అక్కడి కుర్రవాడు ఇచ్చిన ట్యూబు తెచ్చి రాసుకుంటారు. సులువుగా అదుపులో వుండవలసిన జబ్బు చాలామందిలో ముదిరేది అక్కడే. అందుచేత ఈ జబ్బును గురించి, ఆ ట్యూబును గురించి ఈ వారం తెలుసుకుందాం.

ఎవరికి వస్తుంది?

సాధారణంగా 30 ఏళ్ళు దాటిన తరువాత మొదలవుతుంది. స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. ముక్కు చర్మం దళసరి అయ్యే రకం మాత్రం మగవారిలో ఎక్కువ. కొన్ని కుటుంబాలలో తల్లికీ బిడ్డకూ కూడా వుంటుంది.

ఇది తెల్లవారి జబ్బు, మనకు రాదు అని ఒక అభిప్రాయం చాలాకాలంగా వుంది. ఉత్తర ఐరోపా ప్రజల వంటి తెల్లని చర్మం గలవారిలో ఎక్కువన్న మాట నిజమే. మనకు రాదన్న మాట నిజం కాదు. చామనచాయ చర్మంలో ఎరుపు ఎరుపుగా కనిపించదు. రాగి రంగుగానో, ముదురు గోధుమ రంగుగానో, ఒక్కొక్కప్పుడు ఊదాగానో కనిపిస్తుంది. అందువల్ల రోగి గుర్తించడు, ఇంట్లోవారు గుర్తించరు, వైద్యుడు కూడా ఒక్కొక్కప్పుడు పొరబడవచ్చు. కనుక మనం రంగు కంటే బాధను గమనించాలి. ముఖం తరచు వేడెక్కి మండుతోందా? సబ్బు రాసినా, క్రీము రాసినా చురుక్కుమంటోందా? బుగ్గలు బిరుసెక్కి, పొడిబారి వుంటున్నాయా? పెద్ద వయసులో కొత్తగా ‘మొటిమలు’ లేస్తున్నాయా? ఇలా వుంటే రొజేషియా కావచ్చునేమోనని ఆలోచించాలి.

లక్షణాలు

ఈ జబ్బు ముఖం నడిమి భాగాన్ని పట్టుకుంటుంది. అంటే బుగ్గలు, ముక్కు, గడ్డం, నుదుటి మధ్య భాగం. లక్షణాలు ముఖ్యంగా ఇవి:

మాటిమాటికీ ముఖం జేవురించడం, మంట. తగ్గకుండా నిలిచిపోయే ఎరుపు. ముక్కు పక్కన, బుగ్గల మీద ఎర్రటి దారాల వంటి సన్నని రక్తనాళాలు పైకి కనిపించడం. ఎర్రని గట్టి పొక్కులు, వాటిలో కొన్నింట చీము. కొందరిలో ఏళ్ళు గడిచాక ముక్కు చర్మం దళసరి అయి, ముక్కు గుండ్రంగా ఉబ్బి, గుంటలు పడటం.

అందరికీ అన్నీ రావు. ఒకరికి ఎరుపు మాత్రమే వుంటుంది, మరొకరికి పొక్కులు ఎక్కువ. ఒకదాని తరువాత ఒకటి వచ్చి తీరాలనే నియమమూ లేదు.

కళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. రొజేషియా వున్నవారిలో చాలామందికి కళ్ళు కూడా బాధపెడతాయి. కంట్లో నలుసు పడినట్లు గరగరలాడటం, మంట, ఎర్రబడటం, కనురెప్పల అంచులు వాచి పొట్టు కట్టడం, మాటిమాటికీ కంటికురుపులు లేవడం దీని గుర్తులు. కొందరికి ముఖం కంటే ముందు కళ్ళలోనే మొదలవుతుంది. కంటి నొప్పి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించుకోవాలి. నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటే చూపుకే ముప్పు.

మొటిమలకూ దీనికీ తేడా

మొటిమలు యౌవనంలో మొదలవుతాయి. నల్లటి తల గల బ్లాక్‌హెడ్స్ వాటితో పాటు వుంటాయి. వీపు మీద, ఛాతీ మీద కూడా వస్తాయి. రొజేషియాలో బ్లాక్‌హెడ్స్ వుండవు. పొక్కుల చుట్టూ చర్మమంతా ఎర్రబారి వుంటుంది. వీపు మీద సాధారణంగా రావు. మొటిమల కోసం అమ్మే ఘాటైన క్రీములు, గరుకు స్క్రబ్బులు ఈ చర్మానికి పడవు, మంట పెంచుతాయి.

ముఖం మీది ఎరుపంతా రొజేషియా కాదు. ముక్కు పక్క మడతలలో, కనుబొమలలో చుండ్రు వంటి పొట్టు రాలుతుంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ అనే మరో జబ్బు కావచ్చు. రెండు బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా ఎరుపు పరచుకుని, ముక్కు పక్కనుంచి పెదవుల వైపు దిగే మడత మాత్రం మామూలుగా వుండి, దానితో పాటు కీళ్ళనొప్పులు, జ్వరం, నోటిపూత వుంటే లూపస్ అనే జబ్బును అనుమానించాలి. ముఖం చర్మం నిగనిగలాడుతూ దళసరి అయి, చెవి తమ్మెలు లావెక్కి, కనుబొమల వెంట్రుకలు రాలి, ఎక్కడైనా స్పర్శ తగ్గి వుంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. కుష్ఠుకు మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది. నెలసరి ఆగిపోయే వయసులో ఆడవారికి ఒంట్లో వేడి ఆవిర్లు వచ్చి ముఖం ఎర్రబడటం మామూలే. ముఖం జేవురించడంతో పాటు విరేచనాలు, ఆయాసం, గుండెదడ వస్తుంటే మాత్రం కారణం వేరే కావచ్చు, డాక్టరుకు చెప్పాలి.

రొజేషియాను తేల్చడానికి ప్రత్యేకమైన రక్తపరీక్ష లేదు. చూసి, అడిగి తెలుసుకోవలసిందే. పరీక్షలు చేయిస్తే అవి ఇతర జబ్బులు లేవని తేల్చుకోవడానికే.

ఎందుకు వస్తుంది?

ఒక్క కారణం అంటూ లేదు. చర్మంలోని రక్తనాళాలు, వాటిని నడిపే నరాలు చిన్న ప్రేరణకే అతిగా స్పందించడం ఒకటి. చర్మానికి సహజంగా వుండే రక్షణ వ్యవస్థ అవసరం లేకుండానే రెచ్చిపోయి వాపు తేవడం మరొకటి. మూడవది, డెమోడెక్స్ అనే అతి సూక్ష్మమైన పురుగు. దీని పొడవు మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే. పెద్దవారి ముఖం మీద, రోమకూపాలలో ఇది సర్వసాధారణంగా వుంటుంది, ఏ హానీ చేయదు. రొజేషియా రోగుల చర్మంలో వీటి సంఖ్య పెరిగి వుంటుంది. పురుగు అనగానే అసహ్యించుకుని రోజుకు పదిసార్లు సబ్బుతో రుద్దవద్దు. ఇది మురికి వల్ల వచ్చే జబ్బు కాదు.

అంటువ్యాధి అసలే కాదు. ఒకరి తువ్వాలు మరొకరు వాడినందువల్ల గాని, బిడ్డను ముద్దు పెట్టుకున్నందువల్ల గాని అంటుకోదు.

మరొక అపవాదును గురించి కూడా చెప్పాలి. ముక్కు ఎర్రబడి ఉబ్బితే చూసినవారు ‘తాగుడు అలవాటు వుంది కాబోలు’ అనుకుంటారు. మా ఔట్ పేషెంటు విభాగానికి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు చుక్క ముట్టనివాడు. కూతురి పెళ్ళిచూపులకు వచ్చినవారు తన ముక్కు చూసి ఊరిలో వాకబు చేశారని చెప్పి కంటనీరు పెట్టుకున్నాడు. తాగుడు వున్నవారికి మద్యం ఈ జబ్బును రెచ్చగొట్టే మాట నిజమే. కాని ఎన్నడూ తాగనివారికి కూడా ఇది వస్తుంది. ముక్కును చూసి మనిషి నడవడిని తేల్చరాదు. ఇటలీ చిత్రకారుడు డొమెనికో గిర్లాండాయో సుమారు 1490లో ఒక తాతను, మనుమడిని చిత్రించాడు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో వున్న ఆ చిత్రంలో తాత ముక్కు ఇలాగే బుడిపెలు కట్టి వుంటుంది. మనుమడు ఆ ముఖంలోకే ఎంతో ప్రేమగా చూస్తూంటాడు.

ఆ ట్యూబు సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మందుల షాపులో ‘ముఖం ఎర్రబడింది, ఏదైనా ఇవ్వండి’ అని అడిగితే తరచు చేతికి వచ్చేది స్టీరాయిడ్ కలిసిన క్రీము. రాసిన రెండు మూడు రోజులలోనే ఎరుపు పోతుంది, మంట తగ్గుతుంది. స్టీరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేటట్లు చేస్తుంది, వాపును అణుస్తుంది, కొంత తెలుపు కూడా తెస్తుంది. చూసినవారు ‘ముఖం తేటపడింది, ఏం రాస్తున్నావు?’ అని అడిగి, ఆ పేరు రాసుకుని వెళతారు.

వారాలు, నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది. కింది రక్తనాళాలు వెడల్పయి పైకి కనిపిస్తాయి. పొక్కులు లేస్తాయి, కొందరు ఆడవారికి ముఖం మీద నూగు పెరుగుతుంది. భయపడి క్రీము మానేస్తే రెండు మూడు రోజులలో ముఖమంతా నిప్పులు పోసినట్లు మండి, ఇదివరకటికి రెట్టింపు ఎర్రబడుతుంది. ఆ బాధ ఓర్చుకోలేక మళ్ళీ రాస్తారు. అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు చేసినట్లు తయారవుతుంది. అంతకు ముందు రొజేషియా లేనివారికి కూడా ఈ విధంగా రొజేషియా వంటి జబ్బు వస్తుంది.

ఇది అరుదైన సంగతి కాదు. 2011లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనంలో వివిధ నగరాల చర్మవైద్యులు ముఖచర్మ వ్యాధులతో వచ్చిన 2,926 మందిని ప్రశ్నించగా, వారిలో 433 మంది ముఖానికి స్టీరాయిడ్ రాసుకుంటున్నట్లు తేలింది. అంటే సుమారు ఏడుగురిలో ఒకరు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిర్ణయించింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు వున్నాయి, స్నేహితురాలి ట్యూబు తెచ్చుకు రాసేవారూ వున్నారు.

టిఫిన్ హోటలు నడుపుకునే 36 ఏళ్ళ గృహిణి ఒకామె మా వద్దకు వచ్చింది. తెల్లవారుజాము నుంచి నాలుగు గంటలసేపు దోసెల పెనం ముందు నిలబడుతుంది. బుగ్గలు మండుతున్నాయని షాపులో ట్యూబు కొని ఏడాదిన్నర రాసింది. చివరకు ఒక్కపూట మానితే నిద్రపట్టని స్థితికి వచ్చింది. స్టీరాయిడ్ ఆపించి వేరే మందులు మొదలుపెట్టాక మొదటి మూడు వారాలు ఆమె బాధ ఎక్కువైంది. ‘డాక్టరుగారూ, ఆ ట్యూబే నయం కదండీ’ అంది. ఓర్చుకోమన్నాము. నాలుగవ నెలకు మంట తగ్గి, పొక్కులు పోయాయి. సన్నని రక్తనాళాలు కొన్ని మిగిలాయి. ఇప్పుడు పెనం దగ్గర భర్త నిలబడుతున్నాడు, ఆమె గల్లాపెట్టె చూసుకుంటోంది. మందుతో పాటు ఆ మార్పు కూడా ఆమెకు మేలు చేసింది.

మీ ఇంట్లో వున్న ట్యూబు తీసి, దాని మీద చిన్న అక్షరాలలో వున్న మందు పేర్లు చదివించండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్ వంటి పేరు కనిపిస్తే అది స్టీరాయిడ్. తెల్లబడటానికని అమ్మే కొన్ని క్రీములలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అనే మందులతో కలిపి కూడా ఇది వుంటుంది. అయితే స్టీరాయిడ్ విషమేమీ కాదు. తగిన జబ్బుకు, తగినన్ని రోజులు, డాక్టరు చెప్పిన చోట రాస్తే ఎంతో మేలుచేసే మందు. సొంతంగా ముఖానికి నెలల తరబడి రాయడమే కీడు. ఇప్పటికే చాలాకాలంగా రాస్తున్నవారు ఆ ట్యూబును వెంట తీసుకుని చర్మవైద్యుని దగ్గరకు వెళ్ళండి. ఎంతకాలంగా, ఎంత ఘాటైనది వాడుతున్నారన్న దానిని బట్టి ఆయన ఒక్కసారిగా ఆపించవచ్చు, లేదా క్రమంగా తగ్గించవచ్చు. ఆపిన తరువాత కొన్ని వారాలు మంట పెరుగుతుందని ముందే తెలిసి వుంటే ఓర్చుకోవడం సులువు.

మీ శత్రువును మీరే కనిపెట్టండి

ఈ జబ్బును రెచ్చగొట్టే కారణాలు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఎండ, వేడి గాలి, పొయ్యి సెగ, వేడివేడి పానీయాలు, కారం, మద్యం, ఆందోళన, కోపం, ఆయాసం వచ్చేంత వ్యాయామం, మరీ వేడి నీళ్ళ స్నానం, ముఖానికి ఆవిరి పట్టడం, కొన్ని సౌందర్య సాధనాలు వీటిలో ముఖ్యమైనవి. రక్తనాళాలను వెడల్పు చేసే కొన్ని రక్తపోటు మందులు కూడా ముఖం ఎర్రబడేటట్లు చేస్తాయి. అలాగని వాటిని మీరే మానివేయవద్దు. డాక్టరుతో చెబితే మార్చగలిగితే మారుస్తారు.

ఇవన్నీ ఒక్కసారిగా మానుకోనక్కరలేదు. పాల లెక్క, గ్యాస్ బండ తేదీ రాసుకునే గోడ కాలెండరు మీదే, ముఖం భగ్గుమన్న రోజున ఒక గుర్తు పెట్టి, ఆ పూట ఏమి తిన్నారో, ఎక్కడ వున్నారో రెండు మాటలు రాయండి. నెల తిరిగేసరికి మీకు పడనిది ఏదో తెలిసిపోతుంది. కొత్త ఆవకాయ పడనివారు అది మానితే చాలు, మజ్జిగ పులుసు మానవలసిన అవసరం లేదు. కాఫీ సంగతీ అంతే. అమెరికాలో 80 వేల మందికి పైగా నర్సులను ఏళ్ళ తరబడి పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కాఫీ తాగేవారిలో రొజేషియా తక్కువగానే కనిపించింది. చాలామందికి పడనిది కాఫీ వేడి. పొగలు పోయాక, గోరువెచ్చగా తాగి చూడండి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజులలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు వీలైనంత వరకు ఎండలోకి వెళ్ళవద్దు. వెళ్ళక తప్పకపోతే గొడుగు, వెడల్పు అంచు టోపీ, లేదా తలమీదుగా పలుచని నూలు కొంగు వుండాలి. ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించిన సన్‌స్క్రీను ప్రతి ఉదయం రాయాలి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ గలవి ఈ చర్మానికి బాగా పడతాయి. చూపుడు వేలు, నడిమి వేలు పొడుగునా పిండినంత క్రీము ముఖానికి, మెడకు కలిపి కావాలి.

వంటింట్లో కిటికీ తెరిచి వుంచండి. ఎక్కువసేపు సెగ తగిలే వంటలు చల్లని పూట చేసుకోండి. మధ్యలో చన్నీళ్ళలో ముంచి పిండిన గుడ్డను ముఖానికి అద్దుకోండి. ఐసుగడ్డ నేరుగా పెట్టవద్దు.

ముఖం రోజుకు రెండుసార్లు, ఘాటు లేని క్లెన్సరుతో, గోరువెచ్చని లేదా చల్లని నీళ్ళతో కడగాలి. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. వాసన లేని మాయిశ్చరైజరు రాయాలి. సున్నిపిండి పెట్టి నలుగు రుద్దడం, నిమ్మరసం పూయడం, బ్లీచింగు, ఫేషియల్, ముఖానికి ఆవిరి ఇవన్నీ మానాలి. పెళ్ళి ముందు పార్లరుకు వెళ్ళి ముఖం మండించుకుని మా దగ్గరకు వచ్చే అమ్మాయిలు ఏటా వుంటారు. కొత్త క్రీము ఏదైనా ముందు మెడ మీద కొంచెం రాసి, రెండు రోజులు చూసి, ఆ తరువాతే ముఖానికి రాయాలి.

చికిత్స

ఈ జబ్బును శాశ్వతంగా తీసివేసే మందు లేదు. కాని అదుపులో పెట్టే మందులు మంచివి వున్నాయి. మధుమేహాన్ని, రక్తపోటును అదుపులో పెట్టుకుని హాయిగా బ్రతుకుతున్నట్లే దీనితోనూ బ్రతకవచ్చు.

పొక్కులకు పైపూతగా మెట్రొనిడజోల్ జెల్, అజెలాయిక్ ఆసిడ్, 1 శాతం ఐవర్‌మెక్టిన్ క్రీము వాడతారు. జిగట విరేచనాలకు మింగే మెట్రొనిడజోల్ మందే ఇక్కడ జెల్ రూపంలో పనిచేస్తుంది. పొక్కులు ఎక్కువగా వున్నా, కళ్ళు బాధిస్తున్నా కొన్ని వారాలపాటు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. వీటిని నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి, వెంటనే పడుకోరాదు, ఎండ విషయంలో మరింత జాగ్రత్తగా వుండాలి. గర్భిణులకు, 8 ఏళ్ళ లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. మొండికేసిన జబ్బుకు ఐసోట్రెటినాయిన్ ఇస్తారు. ఇది గర్భస్థ శిశువుకు తీవ్రమైన హాని చేస్తుంది. కనుక పిల్లలు కలిగే వయసులోని స్త్రీలు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ముట్టుకోరాదు. మందు వాడుతున్నప్పుడు, మానిన తరువాత కనీసం ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.

మందులు పనిచేయడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. వారం రాసి గుణం లేదని డాక్టరును మార్చవద్దు. పొక్కులు తగ్గినా నిలిచిన ఎరుపు, పైకి కనిపించే రక్తనాళాలు ఈ మందులతో పూర్తిగా పోవు. వాటికి లేజర్ చికిత్స వుంది. చామనచాయ చర్మంలో లేజరు మచ్చలు మిగిల్చే అవకాశం వుంది గనుక అనుభవం గల చర్మవైద్యుని చేతనే చేయించుకోవాలి. దళసరి అయిన ముక్కును శస్త్రచికిత్సతోనో, లేజరుతోనో తిరిగి సరిచేయవచ్చు. ప్రభుత్వ బోధనాసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలు వున్నాయి. ముందు అక్కడ చూపించుకుంటే అనవసరమైన ఖర్చు తప్పుతుంది.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకు వెళ్ళండి. ముఖం బాగా ఎర్రబడిన రోజున ఫోనులో తీసిన ఫొటో కూడా చూపించండి. మీరు వెళ్ళిన పూట ఎరుపు లేకపోవచ్చు. కళ్ళ బాధ వుంటే అడగకపోయినా చెప్పండి.

ఇంట్లోవారికి ఒక మాట. ఈ జబ్బు ప్రాణం తీయదు. కాని రోజూ అద్దంలో కనిపిస్తుంది, ఎదుటివారి చూపులో కనిపిస్తుంది. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసినవారిని, ఉద్యోగంలో నలుగురి ముందు మాట్లాడటానికి జంకేవారిని మేము చూస్తున్నాము. ‘ఏమిటా ముఖం?’ అని ప్రతిరోజూ అడిగితే సిగ్గుతో ఆ ముఖం ఇంకా ఎర్రబడుతుంది. దానికి బదులు, ‘ఈ పూట పొయ్యి దగ్గర నేను నిలబడతాను, నువ్వు కాసేపు గాలికి కూర్చో’ అనండి. మందుతో పాటు అది కూడా అవసరమే.